తీతువు అక్కడ వాన చెబుతుంది

ఊపిరి అందని చోట నాకు తీతువు కూత వినిపించింది.

ఆ చోటి పేరు లా రాయా. పెరూ దేశంలో కుస్కో నుంచి తితికాకా సరస్సు ఒడ్డున ఉన్న పూనో పట్నానికి పోయే రోడ్డు మీద అన్నిటికంటే ఎత్తైన కనుమ. సముద్రమట్టానికి 4,300 మీటర్ల పైమాటే. మా పాలమూరు ఐదు వందల మీటర్ల ఎత్తున ఉంటుంది. అంతకు ఎనిమిదింతలు పైన నిలబడ్డానన్నమాట. బస్సు పావుగంట ఆపారు. మూడు రోజులు కుస్కోలో ఉండి ఆ గాలికి అలవాటు పడ్డాను కదా అని ధైర్యం చేసి దిగాను. ఇరవై అడుగులు వేసేసరికి గుండె డప్పు కొట్టడం మొదలుపెట్టింది. ఈ ఎత్తు జబ్బును అక్కడ సొరోచే అంటారు. దానికి అక్కడివాళ్ళ మందు కోకా ఆకుల కషాయం. పొద్దున్నే రెండు గ్లాసులు తాగి బయల్దేరినా నా అరవై ఏడేళ్ళ ఊపిరితిత్తులు ఒప్పుకోలేదు.

"నాన్నా, మెల్లగా!" అంటూ మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. హ్యూస్టన్‌లో వాళ్ళింటికి వచ్చిన నన్ను ఈ యాత్రకు తీసుకొచ్చింది తనే. ఆఫీసులో నేర్చుకున్న స్పానిష్ ఇక్కడ మా ఇద్దరికీ నోరయింది. వాళ్ళమ్మ మాత్రం మనవణ్ణి వదిలి రానంది.

రోడ్డు పక్కన రంగురంగుల ఉన్ని శాలువలు పరిచి ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ వెనక పసుపు రంగు గడ్డి మైదానం, ఆ వెనక మంచుకొండ. ఆ గడ్డిలోంచి వచ్చింది అరుపు. గొంతు చించుకుని, ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోకుండా. నా అడుగు ఆగిపోయింది.

"ఏమైంది నాన్నా?"

"తీతువు."

"పెరూలో తీతువేంటి నాన్నా!" అని నవ్వింది.

తనకు నవ్వు రావడం సహజం. తను నాయనమ్మను చూడలేదు, నా నాయనమ్మను. కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో రాత్రిపూట తీతువు ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఆమె మంచం మీద లేచి కూర్చునేది. "తీతు పిట్ట కూసిందిరా. ఏ ఇంట్ల దీపం ఆరుతదో" అని మూడుసార్లు ఉమ్మేది. రెండు మూడు రోజుల్లో ఎక్కడినుంచో ఒక చావు కబురు రానే వచ్చేది. బంధుబలగం పెద్దది. ఆ లెక్కన వారానికొకరు పోవడంలో వింతేమీ లేదు. కానీ నాయనమ్మకు ఆ లెక్కతో పనిలేదు. పిట్ట చెప్పింది, అయింది, అంతే. నేను బడిపంతుల్నై ముప్పై ఏళ్ళు పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించాను. అయినా రాత్రి ఆ కూత వింటే ఇప్పటికీ ఒక్క క్షణం ఎవరు బాగా లేరో మనసులో లెక్క వేసుకుంటాను.

అందుకే ప్రపంచానికి అవతలి పక్కన, పట్టపగలు, మంచుకొండ కింద ఆ గొంతు వినపడేసరికి అడుగు పడలేదు.

పిట్ట కనిపించింది. మన తీతువంతే ఉంది, ఒక మూర కన్నా తక్కువ. నడక అచ్చం అదే. నాలుగడుగులు చకచకా పరుగెత్తడం, టక్కున ఆగడం, వంగి ఒక పురుగును పొడవడం, మళ్ళీ పరుగు. వేషం మాత్రం వేరు. మన తీతువు ముఖం మీద ఎర్రటి తోలు కమ్మలు వేలాడతాయి, దీనికి లేవు. తల, మెడ, రొమ్ము బూడిద రంగు, పొట్ట తెలుపు, ముక్కు, కాళ్ళు గులాబీ రంగు. వీపు మొదట మట్టి రంగే అనుకున్నాను. అది ఎండకు తిరగ్గానే కంచు మీద పచ్చ మెరిసింది, రెక్క మడత దగ్గర ఊదా రంగు తళుక్కుమంది. లేచి ఎగిరితే నలుపు తెలుపు రెక్కలు విప్పుకున్నాయి. అప్పుడు మళ్ళీ మన తీతువే.

అమ్మాయి ఫోనులో వెతికింది. ఆండియన్ లాప్‌వింగ్ అట. శాస్త్రం పేరు వానెల్లస్ రెస్‌ప్లెండెన్స్. మన ఎర్ర కమ్మల తీతువు, పసుపు కమ్మల తీతువు కూడా వానెల్లస్‌లే. లాటిన్‌లో వానెల్లస్ అంటే చిన్న చేట. ఎగిరేటప్పుడు రెక్కలు చేటతో చెరిగినట్టు చప్పుడు చేస్తాయని ఆ పేరు. రెస్‌ప్లెండెన్స్ అంటే తళతళలాడేది. ఈ పేరు పెట్టినవాడు స్విట్జర్లాండ్ దేశస్థుడు యోహాన్ యాకోబ్ ఫాన్ చూడి. 1838 నుంచి 1842 దాకా పెరూ అంతా తిరిగి, 1843లో ఈ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పిట్టలతో ఊరుకోలేదు, పదేళ్ళ తర్వాత ఇక్కడి కెచువా భాష మీద పుస్తకం కూడా అచ్చువేశాడు. ఆ కెచువా వాళ్ళు మాత్రం చూడి రాకముందే దీన్ని లెకె లెకె అంటున్నారు. మన తీతువు పేరు, సంస్కృతం టిట్టిభం పేరు పుట్టినట్టే దీని పేరూ దాని నోట్లోంచే పుట్టింది.

"చూశావా, తీతువే" అన్నాను. అమ్మాయి ఒప్పుకుంది.

కనుమ దాటాక నీళ్ళు దారి మార్చుకుంటాయి. వెనక్కి పారే విల్కనోతా నది చివరికి అమెజాన్‌లో కలుస్తుంది. ముందుకు పారే వాగులు తితికాకాలో పడతాయి, వాటికి సముద్రం చూసే యోగం లేదు. రెండింటి మధ్యా పూనా అని పిలిచే గడ్డి నేలలు. చెట్టన్నది లేదు. ఇచు అనే గడ్డి, చీపురుకట్టలు తలకిందులుగా పాతినట్టు కుదుళ్ళు కుదుళ్ళుగా పెరుగుతుంది. ఇళ్ళ కప్పులకు అదే. మంచునీరు ఊరే పల్లాల్లో బోఫెదాల్ అనే పచ్చటి చిత్తడి నేలలు ఉంటాయి. అక్కడి మొక్కలు ఎంత దట్టంగా అల్లుకుంటాయంటే మీద నడిస్తే పరుపు మీద నడిచినట్టుంటుంది. లామాలు, అల్పాకాలు మేసేది అక్కడ. చిన్న చిన్న కాల్వలు తవ్వి నీళ్ళు మళ్ళించి ఈ చిత్తడిని ఎండకుండా కాపాడేది పశువుల కాపరులే. లెకె లెకె కాపురం కూడా ఎక్కువగా ఈ తడి అంచుల్లోనే. కొలంబియా దక్షిణ కొస నుంచి ఎక్వడోర్, పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనాల దాకా మూడు వేల మీటర్లు దాటిన గడ్డి నేలల్లో ఈ అరుపు వినబడుతూనే ఉంటుంది.

ఆయవీరి, పుకారా, హులియాకా ఊళ్ళు వెనక్కి పోయాయి. పుకారాలో ఇంటి కప్పుల మీద జంట మట్టి ఎద్దులు కనబడితే సంక్రాంతి గొబ్బిళ్ళ ముందు నిలబెట్టాలనిపించింది. సాయంత్రానికి సరస్సు దగ్గరి వాట్టా మైదానంలో ఒక పల్లె చేరాం. అక్కడ ఒక రైతు ఇంట్లో రెండు రాత్రులు బస.

ఇంటామెకు అరవై దాటి ఉంటాయి. ఒకదాని మీద ఒకటి వేసుకున్న లంగాలు, నెత్తిన టోపీ, రెండు జడలు. చేతులు పట్టుకుని "పపాయ్" అని పలకరించింది. ఇంత ముసలాణ్ణి పాపాయి అంటుందేమిటని అమ్మాయి ముఖం చూశాను. కెచువాలో "మా నాన్న" అని అర్థమట, పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచే పిలుపట. రెండు భాషలు ఇలా ఎదురెదురు నిలబడి ఒకే మాటకు తండ్రినీ బిడ్డనూ చూపించడం నా తెలుగు పంతులు ప్రాణానికి భలే నచ్చింది.

రాత్రి కినోవా గింజల చారు, అందులో చూన్యో. జూన్, జూలై గడ్డకట్టే రాత్రుల్లో బంగాళాదుంపలను ఆరుబయట పరిచి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారు. ఏళ్ళ తరబడి చెడవు. మన ఒరుగులే. కాకపోతే మనవి ఎండ చేసే ఒరుగులు, ఇవి మంచు చేసేవి.

తెల్లవారుజామున మళ్ళీ అదే కూత. ఈసారి ఇంటి మీదుగానే పోయింది. నేను లేచి కూర్చున్నాను. వంటింట్లో ఇంటామె కూడా వింటోంది. పొయ్యి ఊదడం ఆపి, తల పక్కకు వంచి, అరుపు పోయిన వైపు చూసింది. భయం లేదు ఆ ముఖంలో. అంగడి ధర అడిగి జవాబు కోసం చూసే మనిషి ముఖంలా ఉంది.

పొద్దున మమ్మల్ని పొలానికి తీసుకెళ్ళింది. నవంబరు నెల. వానలు రేపో మాపో అన్నట్టున్న కాలం. బంగాళాదుంప నాటుతున్నారు. చాకితక్ల్యా అనే కాలి నాగలి, పొడుగాటి కర్రకు ఇనుప మొన, మీద కాలుపెట్టి తొక్కే అడ్డకర్ర. మొగవాళ్ళు దాంతో మట్టి పెళ్ళగిస్తుంటే ఆడవాళ్ళు వంగి విత్తనం పెడుతున్నారు. పొలం తీరు నాకు కొత్త. మనిషి నడుమంత ఎత్తు పొడుగాటి మట్టి తిన్నెలు, మధ్యలో నీళ్ళ కాల్వలు, మళ్ళీ తిన్నె, మళ్ళీ కాల్వ. వరు వరు అంటారు వీటిని. ఈ మైదానంలో దాదాపు మూడు వేల ఏళ్ళ కిందటే మొదలైన సేద్యం. మధ్యలో జనం మరిచిపోతే గట్లు అరిగి గడ్డిలో కలిసిపోయాయి. 1980ల్లో క్లార్క్ ఎరిక్సన్ అనే అమెరికా పురావస్తు పరిశోధకుడు ఇక్కడి రైతులతో కలిసి కొన్నింటిని తవ్వి, మళ్ళీ కట్టి, పంట పెట్టి చూశాడు. కాల్వల్లో నీళ్ళు పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతాయి. అందువల్ల మంచు పడే రాత్రి కూడా మొక్క మాడదు. వరదొస్తే తిన్నె మీద పంట మునగదు, వాన లేకపోతే కాల్వలో తడి ఉంటుంది. కాల్వ అడుగు బురద తీసి వేస్తే అదే ఎరువు.

నేను తిన్నె మీద నడుస్తున్నాను. ఉన్నట్టుండి రెండు పిట్టలు నెత్తి మీదికి దూకాయి. రెక్క గాలి చెవికి తగిలింది. ఇంటామె "పపాయ్!" అని గట్టిగా అరిచి చెయ్యి అడ్డం పెట్టింది. నా చెప్పుకు రెండడుగుల దూరంలో నేలలో చిన్న గుంట. నాలుగు గడ్డి పరకలు. వాటి మీద మట్టి రంగు గుడ్లు, నల్లటి మచ్చలతో, సన్నటి కొనలన్నీ లోపలికి పెట్టి పేర్చినట్టు. నాలుగు. చూపించాక కూడా రెప్ప కొట్టి చూస్తే మళ్ళీ మట్టిలో కలిసిపోయాయి. పొద చాటు, చెట్టు చాటు లేని పిట్టకు రంగే గోడ, అరుపే తలుపు.

వెనక్కి జరిగి కూర్చున్నాం. ఒక గొర్రె మేస్తూ అటు వచ్చింది. తల్లి పిట్ట పారిపోలేదు. గొర్రె ముక్కు ముందు నిలబడి రెండు రెక్కలూ విప్పి అరిచింది. అంత జీవం ఇంత జీవానికి జడిసి పక్కకు తిరిగిపోయింది.

ఇంటామె ముఖం వెలిగింది. అమ్మాయితో ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"గుడ్లు తిన్నె మీద పెట్టింది కాబట్టి ఈ ఏడు వానలు బాగా పడతాయట. కింద సాలులో పెడితే కరువట. తడి వస్తుందని దానికి ముందే తెలుసట."

నేను చాలాసేపు మాట్లాడలేదు. నా నాయనమ్మ ఉమ్మి దూరం పెట్టిన గొంతును ఈమె పంచాంగంలా చదువుతోంది. మన దేశంలోనూ సౌరాష్ట్ర రైతులు తీతువును టిటోడీ అని, అది ఎత్తున గుడ్డు పెడితే వానలు దండిగా పడతాయని అంటారు. వాళ్ళకూ వీళ్ళకూ మధ్య రెండు మహాసముద్రాలు. ఒకరి మాట ఒకరికి చేరే దారే లేదు. నేల మీద గుడ్డు పెట్టే పిట్టను, నేలనే నమ్ముకున్న మనిషి చూస్తే ఎక్కడైనా అదే ఆలోచన వస్తుంది కాబోలు.

పంచతంత్రం మిత్రభేదంలో టిట్టిభం కథ కూడా గుడ్ల చోటు గురించిందే. సముద్రపు ఒడ్డున గుడ్లు పెట్టడం వద్దని ఆడపిట్ట అంటుంది. సముద్రానికి అంత ధైర్యమా అని మగపిట్ట బీరాలు పలుకుతుంది. సముద్రం గుడ్లను పట్టుకుపోతుంది. పక్షులన్నీ గరుత్మంతుడి దగ్గరికి, ఆయన విష్ణువు దగ్గరికి పోయి మొరపెట్టుకుంటే, స్వామి అస్త్రం ఎక్కుపెట్టేసరికి సముద్రం భయపడి గుడ్లు తిరిగిచ్చేస్తుంది. బడిలో ఈ కథ చెప్పి, ఐకమత్యమే బలమని నీతి రాయించేవాణ్ణి. తితికాకా ఒడ్డున కూర్చుంటే అసలు సంగతి ఆడపిట్ట మాటలో ఉందనిపించింది. చోటు చూసుకో, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూసుకో అంటుంది అది. కథ రాసినవాడు తీతువు గూడును దగ్గరగా చూసి ఉంటాడు.

ఇక్కడివాళ్ళకు ఆ మాట కథ కాదు. 1982–83లో ఎల్ నీన్యో దెబ్బకు ఈ పీఠభూమి అంతా కరువుతో మాడింది. మూడేళ్ళు తిరక్కుండానే 1986లో తితికాకా ఉప్పొంగి ఒడ్డు పొలాల మీదికి వచ్చింది. కరువుకూ వరదకూ మధ్య ఏ ఏడు ఏదో తెలియక, ఉన్న విత్తనం ఎప్పుడు మట్టిలో వెయ్యాలో తేల్చుకోవాల్సిన మనిషి ఏ గుర్తునూ వదులుకోడు.

పిట్ట ఒక్కదాన్నే నమ్మరు కూడా. నక్క ఎక్కడ, ఎలా కూసిందో వింటారు. ఏ మొక్క ఎప్పుడు పూసిందో చూస్తారు. జూన్ నెలలో, సెయింట్ జాన్ పండుగ రోజుల్లో, తెల్లవారకముందే కొండెక్కి ఒక చుక్కల గుంపును చూస్తారు. దాన్ని కోల్కా అంటారట, అంటే గాదె. ఆకాశంలో చెయ్యి పెట్టి ఎక్కడుంటుందో ఇంటామె చూపించింది. అవి మన కృత్తికలు.

ఆ చుక్కలు తేటగా వెలిగితే వానలు సకాలంలో పడతాయి. మసకగా ఉంటే ఆలస్యం, తక్కువ. అప్పుడు దుంప నాటడం కొన్ని వారాలు వెనక్కి జరుపుతారు. ఓర్లొవ్, చియాంగ్, కేన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ ఆచారాన్ని వాతావరణ లెక్కలతో పోల్చి చూసి 2000లో నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించారు. ఎల్ నీన్యో ఏళ్ళలో జూన్‌లో ఆకాశంలో బాగా ఎత్తున పలుచటి మబ్బు తెర పడుతుంది. మామూలు కంటికి మబ్బు కనబడదు, చుక్కలు మసకబారడం మాత్రం కనబడుతుంది. ఆ ఏళ్ళలోనే వానలు తగ్గుతాయి. రైతుల లెక్కలో నిజముందని తేలింది.

మనకూ కృత్తిక కార్తె ఉంది, రోహిణి ఉంది, మృగశిర కోసం ఎదురుచూపు ఉంది. కానీ మన కార్తె సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. ఆ రోజుల్లో ఆ చుక్క ఎండ వెలుగులో మునిగి కనబడనే కనబడదు. వాళ్ళది ఏటేటా కళ్ళతో చూసే పరీక్ష. తారీఖు ఏటా అదే వస్తుంది, మసక అలా రాదు. నేను చిన్నప్పటినుంచి కార్తెల పేర్లు వల్లిస్తూ వచ్చినా వాన గురించి ఆకాశాన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదని ఆ పొలంలో కూర్చున్నప్పుడు తోచింది.

"ఎప్పుడూ నిజమే అవుతుందా?" అని అడిగించాను.

ఇంటామె నవ్వలేదు. ఈ మధ్య పిట్టలు కూడా తికమక పడుతున్నాయంది. వానలు తన చిన్నతనంలో వచ్చిన నెలలో రావట్లేదు. 2023లో సరస్సు బాగా కిందికి దిగిపోయింది. పడవలు బురదలో కూరుకున్నాయి. ఒడ్డున పెరిగే తొతోరా రెల్లు ఎండి పశువులకు మేత కరువైంది. అయినా ప్రతి ఏడూ నాట్లకు ముందు గూళ్ళు చూసి వస్తుందట. "చూడకపోతే అది చెప్పిందని ఎలా తెలుస్తుంది?" అంది.

ఆ మాటతో నాకు నాయనమ్మ మీద ఉన్న కోపం కొంత తగ్గింది. ఆమె కూడా విన్నది. కానీ విని దుప్పటి కప్పుకుంది, బయటికి వెళ్ళి చూడలేదు. తీతువు రాత్రి అరిచేది చాలాసార్లు ఏ నక్కో, కుక్కో, మనిషో గుడ్ల వైపు వచ్చినప్పుడు. చావు సంగతి చెబుతోందన్నది నిజమే, కాకపోతే తన పిల్లల చావు సంగతి. దాన్ని మన ఇంటి కబురుగా మార్చుకుని దాని మీదే ఉమ్మేశాం.

రెండో రోజు బయల్దేరే ముందు మళ్ళీ పొలానికి వెళ్ళాను. రాత్రి మంచు పడి ఇచు గడ్డి తెల్లగా ఉంది. తల్లి గుడ్ల మీద నుంచి కదల్లేదు. దాని వీపు మీద కూడా తెల్లటి పొడి. మా ఊళ్ళో దీని అక్కచెల్లెళ్ళ కష్టం దీనికి తలకిందులు. ఏప్రిల్, మే ఎండలో రాళ్ళ బీడు మీద గుడ్లు ఉడికిపోకుండా, కుంటకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. ఒకే ఇంటి ఆడపిల్లలు. ఒకరిని మంచులోకి, ఒకరిని ఎండలోకి ఇచ్చారు.

ఇంటామె చేతిలో ఏదో పెట్టింది. గుప్పెడు చూన్యో. నేను జేబులో ఉన్న వక్కపొడి పొట్లం ఇచ్చాను. నోట్లో వేసుకుని, ఆలోచించి, బాగానే ఉందన్నట్టు తల ఊపింది.

ఆ ఏడు వాట్టాలో వానలు ఎలా పడ్డాయని నేను కనుక్కోలేదు. పిట్టకు పరీక్ష పెట్టి మార్కులు వేసే ఉద్యోగం ఎప్పుడో మానేశాను.

మన పొలాల దగ్గర తీతువులు గుడ్లు పెట్టేది ఎక్కువగా వేసవి దుక్కుల కాలంలోనే. ట్రాక్టరు ఒక్క చుట్టు తిరిగితే నాలుగు గుడ్లూ మట్టిలో కలిసిపోతాయి. బీడులో నడుస్తున్నప్పుడు, చేను దున్నుతున్నప్పుడు తీతువు మీ నెత్తి మీద అరిస్తే శకునం వెతక్కండి. ఆగి కాళ్ళ కింద చూడండి. గుడ్లు అక్కడే ఉంటాయి.